ఇంట్లో చదువు ఎలా మొదలుపెట్టాలి: నల్గొండ, పాలమూరు క్రైస్తవ కుటుంబాల కోసం

ఆదివారం ఆరాధన అయ్యాక, ఉపవాస ప్రార్థనల దగ్గర, వేసవిలో వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిలు బడి) రోజుల్లో తల్లులు నన్ను ఎక్కువగా అడిగేది ఒక్కటే. "అక్కా, పిల్లల్ని ఇంట్లనే చదివించొచ్చంట గదా, ఫోన్ల అన్ని పాఠాలు ఉన్నయంట గదా, ఎట్ల మొదలుపెట్టాలె?"

అడిగేవాళ్ల కారణాలు ఒకటి కావు. సేవ కోసం రెండు మూడేళ్లకోసారి ఊరు మారే పాస్టర్ కుటుంబాలు ఉన్నాయి. పిల్లవాడు బడికి పోతున్నా తెలుగు చదవలేకపోతున్నాడని బాధపడేవాళ్లు ఉన్నారు. ప్రైవేటు బడి ఫీజు కట్టలేనివాళ్లు, జబ్బు వల్ల పాపను రోజూ బస్సు ఎక్కించలేనివాళ్లు ఉన్నారు. పిల్లల్ని వాక్యంలో పెంచాలని, వాళ్లతో ఎక్కువ సమయం గడపాలని కోరుకునేవాళ్లూ ఉన్నారు. కారణం ఏదైనా నేను ముందు చెప్పే మాట ఒకటే. పాఠాలకు ఇప్పుడు కొరత లేదు, చాలా వరకు డబ్బు కూడా అక్కర్లేదు. పిల్లవాడి పక్కన రోజూ కూర్చునే పెద్ద మనిషి ఉంటేనే ఇంటి చదువు నడుస్తుంది. ఆ మనిషి ఎవరో తేలాకే మిగతావి చూసుకోవాలి.

ఎవరు మొదలుపెట్టకూడదు

తల్లిదండ్రులిద్దరూ పొద్దున పనికి పోయి చీకటి పడ్డాక వచ్చే ఇల్లయితే పిల్లల్ని బడి మాన్పించకండి. బడికి పంపుతూనే సాయంత్రం ఒక గంట ఇంట్లో చదివించండి. కింద చెప్పిన వాటిలో కాగితాల విషయం తప్ప మిగతావి చాలా వరకు మీకూ పనికొస్తాయి. ప్రభుత్వ బడిలో మధ్యాహ్న భోజనం, పుస్తకాలు, యూనిఫాం ఉచితం. బడి మానితే అవన్నీ పోతాయని కూడా లెక్క వేసుకోండి.

ఐదో తరగతిలో గురుకులం సీటు కోసం పరీక్ష రాయించాలనుకునేవాళ్లు కూడా ఇప్పుడు బడి మాన్పించొద్దు. నాలుగో తరగతి చదువుతున్నట్టు బడి ఇచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్ అడుగుతారు.

ఇంకో మాట కాస్త గట్టిగానే చెప్పాలి. ఇంటి చదువు పేరు చెప్పి పిల్లల్ని పనికి పంపకండి. గద్వాల వైపు విత్తన పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి, అంటే పూలకు చేత్తో పుప్పొడి అంటించే పనికి, పిల్లల్ని తీసుకెళ్లడం మనందరం చూసిందే. పద్నాలుగేళ్లలోపు పిల్లలతో కూలి పని చేయించడం నేరం. మనం నమ్మే దేవుని ముందు కూడా దానికి సాకు దొరకదు.

కావాల్సినవి

- పక్కన కూర్చునే ఒక పెద్ద మనిషి. అమ్మ, నాన్న, నానమ్మ, పిన్ని, ఎవరైనా సరే. పది చదివినవాళ్లయితే ఐదో తరగతి వరకు ధైర్యంగా చెప్పొచ్చు.
- తరగతి పుస్తకాలు, అచ్చులో. తెలంగాణ ఎస్‌సీఈఆర్‌టీ (ప్రభుత్వ బడి పుస్తకాలు తయారుచేసే సంస్థ) పుస్తకాలు పీడీఎఫ్‌లుగా ఉచితంగా దొరుకుతాయి. కానీ చిన్నపిల్లలకు చేతిలో పట్టుకునే పుస్తకమే ఇవ్వండి.
- ఒక స్మార్ట్‌ఫోన్. ట్యాబ్ ఉంటే మంచిది, లేకపోయినా నడుస్తుంది. చిన్న స్పీకర్ ఒకటి ఉంటే ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి వినొచ్చు.
- సబ్జెక్టుకో నోటుబుక్కు, రోజువారీ రాసుకోవడానికి మీకో డైరీ.
- గోడకు ఇండియా మ్యాపు, తెలంగాణ మ్యాపు, ఒక గడియారం.
- తెలుగు బైబిలు.

ల్యాప్‌టాప్ కొనడానికి అప్పు చేయకండి. ఏడో తరగతి వరకు దాని అవసరం రాదు.

1. ముందు కాగితాలు

ఫోన్లో యాప్ ఎక్కించే ముందు చేయాల్సిన పని ఇది. చాలామంది దీన్ని చివరికి వదిలేసి, పదో తరగతి పరీక్ష ఫారం నింపేటప్పుడు టెన్షన్ పడతారు.

పిల్లవాడు ఇప్పటికే బడిలో ఉంటే టీసీ, మార్కుల కాగితాలు, ఇప్పటిదాకా చదివిన అన్ని తరగతులకు బోనఫైడ్ తీసుకోండి. పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్, టీసీ మూడూ పక్కపక్కన పెట్టి పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, తేదీ అక్షరం అక్షరం పోల్చి చూడండి. మన ఇళ్లలో సంఘంలో పిలిచే పేరు ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి ఉండటం మామూలే. పిల్లవాడు చిన్నగా ఉన్నప్పుడు దాన్ని సరిచేయించడం తేలిక, పదో తరగతి మెమో వచ్చాక కష్టం.

స్థానికత సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. తెలంగాణలో ఉద్యోగాలకు స్థానికతను 1 నుంచి 7వ తరగతి వరకు ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి చూస్తారు. ఆ ఏళ్లలో బడిలో చదవనివాళ్లు తహసీల్దార్ ఇచ్చే నివాస ధ్రువపత్రం చూపించాలి. అందుకని రేషన్ కార్డు, కరెంటు బిల్లులు, అద్దె ఇంట్లో ఉంటే అగ్రిమెంటు లాంటివి ఏడాదికోసారైనా ఒక ఫైలులో దాచండి. ఊళ్లు మారే సేవకుల కుటుంబాలకు ఇది మరీ ముఖ్యం.

"చట్టం ఒప్పుకుంటుందా?" అని అందరూ అడుగుతారు. 2009 విద్యా హక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత, నిర్బంధ విద్య అని చెబుతుంది. పిల్లల్ని దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని 10వ సెక్షన్లో ఉంది. తల్లిదండ్రులకు శిక్ష మాత్రం అందులో రాయలేదు. ఇంట్లో చదివించడాన్ని పేరు పెట్టి ఒప్పుకోనూ లేదు, పేరు పెట్టి నిషేధించనూ లేదు. కాబట్టి బడి బయట ఉన్న పిల్లల సర్వేకు టీచర్లు మీ ఇంటికి వస్తే దాక్కోకండి, అబద్ధం చెప్పకండి. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి పిల్లవాడి నోటుబుక్కులు చూపించండి. నోటుబుక్కులు సరిగ్గా ఉన్న ఇల్లు ఎవరికీ భయపడక్కర్లేదు.

2. ఏ పరీక్ష రాయిస్తారో ఇప్పుడే తేల్చుకోండి

మీ పాప రెండో తరగతి వయసులో ఉన్నా సరే, పదో తరగతి సర్టిఫికెట్ ఎక్కడినుంచి వస్తుందో ఈరోజే మాట్లాడుకోండి. మన దగ్గర రెండు దారులు ఉన్నాయి.

ఒకటి తెలంగాణ ఓపెన్ స్కూల్, మనం టాస్ అంటాం. ఓపెన్ స్కూల్ అంటే రోజూ బడికి పోకుండా చదువుకుని పరీక్ష రాసే దారి. దీని స్టడీ సెంటర్లు మామూలుగా ప్రభుత్వ హైస్కూళ్లలోనే ఉంటాయి. తెలుగు మీడియంలో చదివి తెలంగాణలోనే ఇంటర్, డిగ్రీ చేయాలనుకునే పిల్లలకు ఇదే సులువు అని నా అభిప్రాయం.

రెండోది ఎన్‌ఐఓఎస్, కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్. 1989లో మొదలైంది. పదో తరగతికి కనీసం 14 ఏళ్లు నిండాలి. ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి, అందులో కనీసం ఒకటి భాష. పాస్ మార్కు 33 శాతం. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్–మే, అక్టోబర్–నవంబర్ నెలల్లో జరుగుతాయి. ఒకసారి చేరితే ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు ఉంటాయి, ఒక్కో సబ్జెక్టూ విడివిడిగా రాసుకోవచ్చు. ఊళ్లు, రాష్ట్రాలు మారే కుటుంబాలకు ఇది సరిపోతుంది. చిన్న తరగతులకు కూడా ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్ అని మూడు స్థాయిలు ఉన్నాయి, అవి 3, 5, 8 తరగతులతో సమానం. పుస్తకాలు వాళ్ల వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి.

ఎక్కడ చేరినా స్టడీ సెంటర్‌కు మీరే స్వయంగా వెళ్లండి. "నేను అన్నీ చూసుకుంటా, పాస్ గ్యారంటీ" అనే మధ్యవర్తికి ఒక్క రూపాయి ఇవ్వకండి.

విదేశీ క్రైస్తవ సంస్థల సర్టిఫికెట్ కోర్సులు కూడా కొందరు చూపిస్తుంటారు. ఆ సర్టిఫికెట్‌తో ఇక్కడ ఇంటర్‌లో చేర్చుకుంటారా అని కాలేజీలో అడిగి, కాగితం మీద రాయించుకున్నాకే డబ్బు కట్టండి.

3. పిల్లవాడు ఎక్కడ ఉన్నాడో చూడండి

తరగతి నంబరు చూసి మొదలుపెట్టకండి. నాలుగో తరగతి పాసైన పిల్లవాడు రెండో తరగతి కథ చదవలేకపోవచ్చు. పిల్లలకు చదవడం, లెక్కలు ఎంత వచ్చో చూడడానికి ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వేలో వాడే చిన్న పరీక్ష కాగితం తెలుగులో ఉచితంగా దొరుకుతుంది. ఇంట్లోనే పావుగంటలో చేయొచ్చు.

చదవడానికి నాలుగు మెట్లు: అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ. లెక్కలకూ నాలుగు: ఒక అంకె గుర్తుపట్టడం, రెండంకెలు గుర్తుపట్టడం, అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగహారం. ఎక్కడ ఆగాడో అక్కడినుంచే మొదలుపెట్టాలి. తొమ్మిదేళ్లవాడు మాటల దగ్గరే ఆగితే సిగ్గుపడొద్దు, వాణ్ని తిట్టొద్దు. పరీక్ష చేసేటప్పుడు చుట్టాలను, పక్కింటివాళ్లను దగ్గర పెట్టుకోకండి.

4. సబ్జెక్టుకు ఒక్కటే ఆధారం పెట్టుకోండి

అన్నింటికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఎవరు ఏ యాప్ చెప్పినా ఎక్కించి, వారం చూసి, ఇంకోదానికి పోతారు. నెల తిరిగేసరికి ఫోన్ నిండుతుంది, నోటుబుక్కు ఖాళీగా ఉంటుంది. సబ్జెక్టుకు ఒక పుస్తకం, ఒక ఆన్‌లైన్ సాయం. అంతకు మించి వద్దు.

తెలుగు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం, సైన్సు, సోషల్: తెలంగాణ ప్రభుత్వ పుస్తకాలే ఆధారం. ఆ పుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు ఉంటాయి. ప్రభుత్వం వాళ్ల ఉచిత దీక్ష యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, ప్రశ్నలు వస్తాయి. సిగ్నల్ ఉన్న చోట డౌన్‌లోడ్ చేసుకుని తర్వాత ఇంట్లో చూడొచ్చు. 2022–23 నుంచి తెలుగు, ఇంగ్లిష్ ఎదురెదురు పేజీల్లో ఉన్న పుస్తకాలు వస్తున్నాయి. ఇంగ్లిష్ అంతగా రాని తల్లికి ఇవి పెద్ద అండ. తెలుగు పేజీ మీరు చదివి అర్థం చేసుకోండి, ఇంగ్లిష్ పేజీ పిల్లవాడి చేత చదివించండి.

తెలుగులో టీచర్ చెప్పే పాఠం కావాలంటే తెలంగాణ ప్రభుత్వ చానెల్ టీ-శాట్ విద్య. టీవీలో, యాప్‌లో, యూట్యూబ్‌లో కూడా ఉంది. పెద్ద తరగతులకు చాలా బాగుంటుంది. చిన్నపిల్లలకు మాత్రం అంతసేపు కూర్చుని వినే ఓపిక ఉండదు.

ఇంగ్లిష్‌లో లెక్కలు చెప్పేది ఖాన్ అకాడమీ. ఉచితం. వీడియో కంటే దాని కింద ఉండే అభ్యాసాలే విలువైనవి. మీరు పేరెంట్‌గా ఖాతా తెరిచి పిల్లవాణ్ని చేర్చండి, ఎన్ని లెక్కలు చేశాడో మీకు కనిపిస్తుంది. సైన్సు ప్రయోగాలకు ఫెట్ సిమ్యులేషన్లు వాడండి. కొలరాడో యూనివర్సిటీ వాళ్లవి, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. బల్బు, బ్యాటరీ, వైర్లు కలిపి సర్క్యూట్ చేసే సిమ్యులేషన్‌తో మొదలుపెట్టండి, పిల్లలు వదలరు.

కథల పుస్తకాలకు ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్. 2015లో మొదలైంది. తెలుగు కథలు స్థాయిల వారీగా ఉంటాయి, పీడీఎఫ్ దించుకుని జిరాక్స్ తీయించినా ఎవరూ అభ్యంతరం పెట్టరు. రోజుకో కథ పైకి చదివించండి. నన్ను అడిగితే ఈ జాబితాలో అన్నింటికంటే ముందు పెట్టాల్సింది ఇదే.

క్రైస్తవ పాఠ్య ప్రణాళికల్లో తరచూ వినపడే పేర్లు రెండు. ఈజీ పీజీ ఆల్-ఇన్-వన్ హోమ్‌స్కూల్ అమెరికాకు చెందిన ఒక తల్లి తయారుచేసింది, ఉచితం, 180 రోజులకు రోజువారీ పాఠాలుగా విడగొట్టి ఉంటుంది. ఆంబుల్‌సైడ్ ఆన్‌లైన్ కూడా ఉచితమే. ఇంగ్లండ్ విద్యావేత్త షార్లెట్ మేసన్ (1842–1923) పద్ధతిలో మంచి పుస్తకాలు చదివి పిల్లల చేత తిరిగి చెప్పించడం దాని పునాది. రెండూ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. ఇంగ్లిష్ ధారాళంగా చదివే తల్లికే ఇవి పనికొస్తాయి.

వీటిని ఉన్నదున్నట్టు వాడితే పిల్లవాడికి అమెరికా రాష్ట్రాల పేర్లు వస్తాయి, మన జిల్లాల పేర్లు రావు. లెక్కల్లో డాలర్లు, సెంట్లు, మైళ్లు, పౌండ్లు వస్తాయి. కాబట్టి వాటినుంచి ఇంగ్లిష్ చదవడం, బైబిలు పాఠం, బొమ్మలు వేయడం లాంటివి తీసుకోండి. చరిత్ర, భూగోళం, డబ్బు, కొలతలు మన పుస్తకాలనుంచే చెప్పండి.

నెట్ సరిగ్గా రాని ఊరైతే కొలిబ్రి అని ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది. నెట్ ఉన్నచోట పాత ల్యాప్‌టాప్‌లోకి ఖాన్ అకాడమీ లాంటి పాఠాలు దించుకుంటే తర్వాత నెట్ లేకుండానే నడుస్తుంది. ఒక్క సంఘంలో ఒక్క ల్యాప్‌టాప్ ఉన్నా నాలుగైదు కుటుంబాలకు సరిపోతుంది. సంఘంలో కంప్యూటర్ తెలిసిన యువకుడికి ఈ పని అప్పగించండి, సంతోషంగా చేస్తారు.

5. వాక్యం

ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయంలో పిల్లలకు ఎప్పుడెప్పుడు నేర్పాలో ఉంది. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. బైబిలు పాఠాన్ని ఒక పీరియడ్‌గా మార్చి మార్కులు వేయడం మొదలుపెడితే పిల్లలకు అది ఇంకో సబ్జెక్టు అయిపోతుంది.

పొద్దున కుటుంబ ప్రార్థనలో ఒక పేరా చాలు. మన పాత తెలుగు అనువాదం భాష చిన్నపిల్లలకు కష్టం. మీరు ముందు చదివి, అదే సంగతి ఇంటి మాటల్లో చెప్పి, మళ్లీ చదవండి. యూవర్షన్ బైబిల్ యాప్‌లో తెలుగు వాక్యం ఉంది. బైబిల్ డాట్ ఈజ్‌లో తెలుగు ఆడియో వినొచ్చు, వంట చేసుకుంటూ కూడా పెట్టుకోవచ్చు. పెద్ద పిల్లలకు బైబిల్ ప్రాజెక్ట్ తెలుగు వీడియోలు ఒక్కో గ్రంథం మొత్తం ఏమి చెబుతుందో బొమ్మలతో చూపిస్తాయి. వారానికి ఒక కంఠత వాక్యం అందంగా రాయించండి, చేతిరాత కూడా కుదురుతుంది. చదవడం రానివాడికి తెలిసిన కీర్తన పెద్ద అక్షరాల్లో రాసిచ్చి, పాడుతూ వేలు పెట్టి చూపించమనండి. నోటికి వచ్చిన పాట కాబట్టి మాటలు త్వరగా గుర్తుపడతాడు.

రెండు జాగ్రత్తలు. పక్కింటి పిల్లల పండుగలను, దేవుళ్లను చులకన చేసే వీడియోలు కొన్ని క్రైస్తవం పేరుతోనే తిరుగుతాయి. అవి పిల్లల ముందు పెట్టకండి. మన పిల్లలు ఆ పిల్లలతోనే ఆడుకోవాలి. రెండోది, పై తరగతుల జీవశాస్త్రంలో పరిణామం పాఠం వస్తే పేజీలు అంటించేయకండి. పుస్తకం ఏమంటుందో, పరీక్షలో ఏమి రాయాలో సరిగ్గా నేర్పండి. మన విశ్వాసం ఏమిటో దాని పక్కనే కూర్చుని మాట్లాడండి. ప్రశ్న అడిగిన పిల్లను గద్దిస్తే ఆ ప్రశ్న పోదు, మిమ్మల్ని అడగడమే మానేస్తుంది.

6. రోజు ఎలా గడవాలి

బడిలో ఎనిమిది పీరియడ్లు ఉన్నాయని ఇంట్లోనూ పెట్టకండి. ఒకరిద్దరు పిల్లలే కాబట్టి పని త్వరగా అవుతుంది. ఐదు నుంచి ఏడేళ్లవాళ్లకు గంటన్నర, ఎనిమిది నుంచి పదేళ్లవాళ్లకు రెండున్నర నుంచి మూడు గంటలు, ఆపై వయసువాళ్లకు నాలుగు గంటలు శ్రద్ధగా చదివితే చాలు.

లెక్కలు, తెలుగు పొద్దున్నే చెప్పండి. వీడియో ఏదైనా మధ్యాహ్నం, అది కూడా పదిహేను ఇరవై నిమిషాలే. మధ్యాహ్నం కరెంటు పోయే ఊరైతే వీడియో ముందు పెట్టి రాతపని తర్వాతకు మార్చుకోండి. వీడియో చూసే ముందు ఒక ప్రశ్న ఇవ్వండి, చూశాక జవాబు నోటుబుక్కులో రాయించండి. ప్రశ్న లేకుండా చూసిన వీడియో కాలక్షేపమే.

వరి కోతలు, పత్తి ఏరే రోజులు, పెళ్లిళ్లు, సంఘంలో కూటాలు వస్తుంటాయి. ఆ రోజుల్లో చదువు పూర్తిగా ఆపకుండా ఒక్క పేజీ చదవడం, ఐదు లెక్కలు మాత్రం చేయించండి. వారం పాటు ఆగిన చదువు మళ్లీ దారిలో పడడానికి నెల పడుతుంది.

7. ఫోన్ జాగ్రత్త

పిల్లల చేతికి మీ ఫోన్ అలాగే ఇవ్వకండి. గూగుల్ ఫ్యామిలీ లింక్‌తో ఏ యాప్ ఎంతసేపు వాడాలో మీరే పెట్టొచ్చు. యూట్యూబ్‌లో ఆటోప్లే ఆపండి, రెస్ట్రిక్టెడ్ మోడ్ పెట్టండి. వీలైతే వీడియోలు ముందురోజు రాత్రి మీరే చూసి దించి ఉంచండి. వీడియో నాణ్యత 360పీ పెట్టుకుంటే డేటా మిగులుతుంది, బోర్డు మీది అక్షరాలు కూడా కనిపిస్తాయి. ఫోన్‌పే, బ్యాంకు యాప్‌లకు వేరే లాక్ పెట్టండి. తలుపు వేసుకుని ఫోన్ చూసే అలవాటు చేయొద్దు, పాఠం ఎప్పుడూ వసారాలోనో ముందు గదిలోనో జరగాలి.

8. మన ఊళ్లే పాఠాలు

దీన్ని దాటేయకండి. ఇంట్లో చదివే పిల్లలకు బడి పిల్లలకు దొరకని సమయం దొరుకుతుంది, దాన్ని వాడుకోవాలి.

నల్గొండ జిల్లా పిల్లలకు నీళ్ల పాఠం ఇంట్లోనే ఉంది. మర్రిగూడ వైపు పెద్దవాళ్ల పళ్ల మీద గారలు, వంగిన కాళ్లు ఎందుకొచ్చాయో చెప్పండి. తాగేనీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నీరి అనే కేంద్ర పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేశారు. దాన్ని ప్రపంచమంతా నల్గొండ టెక్నిక్ అనే పిలుస్తారు. బురదనీళ్లలో పటిక వేసి మట్టి అడుక్కి దిగడం గాజు గ్లాసులో చూపించండి. ఆ నీళ్లు తాగనివ్వకండి.

నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. జూరాల ప్రాజెక్టుది 318.516 మీటర్లు. ఒకటి అడుగుల్లో, ఇంకొకటి మీటర్లలో ఉందేమిటని పిల్లలే అడుగుతారు, మార్చి చూడమనండి. వానాకాలంలో రోజూ పేపర్లో వచ్చే నీటిమట్టాన్ని గ్రాఫ్ కాగితం మీద గుర్తుపెట్టిస్తే రెండు నెలల్లో గ్రాఫులు వచ్చేస్తాయి. సాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారన్నది చరిత్ర పాఠం.

మహబూబ్‌నగర్ పక్కన పిల్లలమర్రి అనే పాత పెద్ద మర్రిచెట్టు దగ్గరికి తీసుకెళ్లండి. ఊడలు దిగి మళ్లీ వేళ్లెలా అవుతాయో అక్కడే చూడాలి. 2018లో చెదలు పట్టిన ఆ చెట్టుకు సెలైన్ సీసాలతో మందు ఎక్కించారని చెబితే పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని వింటారు.

ఇంకో పని. మీ సంఘం ఎప్పుడు, ఎవరి వల్ల మొదలైందో సంఘంలోని ముసలివాళ్లను అడిగి రాసుకురమ్మనండి. నల్గొండ వైపు బాప్టిస్టు సంఘాలు, పాలమూరు, వనపర్తి, గద్వాల, దేవరకొండ వైపు మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాలు పాతవి. ఆ తాతలు, అవ్వలు చెప్పేది ఏ వెబ్‌సైట్లోనూ దొరకదు. అడగడం, వినడం, రాయడం మూడూ ఒక్క పనిలో వస్తాయి.

9. వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

రోజూ: పుస్తకం మూసి, చదివింది తన మాటల్లో చెప్పమనండి. "అర్థమైందా?" అని అడగకండి, అందరూ అయిందనే అంటారు.

వారానికోసారి: శనివారం పది లెక్కలు, పది మాటల డిక్టేషన్, ఒక పేరా రాత. మీరు పక్కన ఉండి సాయం చేయొద్దు. పదింటిలో ఎనిమిది వస్తే ముందుకు వెళ్లండి. ఐదారు వస్తే అదే పాఠం ఇంకో వారం చెప్పండి.

మూడు నెలలకోసారి: అసర్ కాగితంతో మళ్లీ చూడండి. ఈసారి మీరు కాకుండా సండే స్కూల్ టీచర్‌నో, చదువుకున్న చెల్లినో చేయమనండి. తల్లి ముందు చదివే పిల్లవాడు కొత్త మనిషి ముందు తడబడితే ఇంకా గట్టిపడలేదని అర్థం.

యాప్‌లో నక్షత్రాలు, బ్యాడ్జీలు చూసి మోసపోకండి. పిల్లలు ఊహించి నొక్కి కూడా నక్షత్రాలు తెచ్చుకుంటారు. నోటుబుక్కులో దశలవారీగా రాసిన లెక్కనే లెక్కపెట్టండి. తేదీ వేసిన నోటుబుక్కులేవీ పారేయకండి.

10. మీరు ఒంటరి కాకుండా

"బడికి పంపట్లేరా?" అని చుట్టాలు ప్రతి ఫంక్షన్లో అడుగుతారు. జవాబు చెప్పి చెప్పి తల్లికి విసుగొస్తుంది, రాత్రిపూట భయమేస్తుంది. ఆ భయం తప్పేమీ కాదు, పిల్లల మీద బాధ్యత ఉన్నవాళ్లకే అది వస్తుంది. చుట్టాలకు వాదన చెప్పకుండా పిల్లవాణ్ని పిలిచి ఒక కథ చదివించండి, వాళ్లే ఊరుకుంటారు.

దగ్గరి ఊళ్ల రెండు మూడు కుటుంబాలు వారానికోసారి చర్చి హాల్లో కలవండి. లెక్కలు బాగా వచ్చిన తండ్రి అందరి పిల్లలకూ లెక్కలు చెప్పాలి, ఇంగ్లిష్ వచ్చిన అక్క ఇంగ్లిష్ చెప్పాలి. యువకుల్లో డోలక్, కీబోర్డు వచ్చినవాళ్లు సంగీతం నేర్పొచ్చు. పాస్టర్ అమ్మగారి మీదే అన్నీ వేయకండి, ఆమెకు ఇప్పటికే పని ఎక్కువ. ఆటలకు మాత్రం ఊరి పిల్లలందరితో గ్రౌండ్‌కు పంపండి, ఒక్క సంఘం పిల్లలతోనే ఉంచకండి.

11. నడవకపోతే

ఆరు నెలలు శ్రద్ధగా చేసినా చదవడంలో ఒక్క మెట్టు కూడా ఎక్కకపోతే ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. అవి బాగున్నా ముందుకు సాగకపోతే, లేదా ఇంట్లో పక్కన కూర్చునే మనిషికి జబ్బు చేసినా, పని దొరికినా, పిల్లవాణ్ని బడిలో చేర్చండి. విద్యా హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఆరేళ్లు దాటి బడిలో లేని పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడి ఉంటే ప్రత్యేక శిక్షణ కూడా ఇవ్వాలి. టీసీ, పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్, నోటుబుక్కులు తీసుకుని దగ్గరి ప్రభుత్వ బడి హెడ్‌మాస్టర్ దగ్గరకు వెళ్లండి. అక్కడ కాదంటే మండల విద్యాధికారిని కలవండి. జూన్‌లో బడులు తెరిచే వారంలో వెళ్తే పని సులువుగా అవుతుంది, మిగతా నెలల్లో చేర్చుకోరని ఎవరైనా అంటే నమ్మకండి. చేరిన మొదటి నెల సాయంత్రం ఇంటి పాఠం ఆపకండి. తెలుగు కథ పైకి చదివించడం మాత్రం బడికి వెళ్లినా రోజూ ఉండాల్సిందే.